ఉత్తుత్తి వలసలో తప్పిపోయిన యేసోబు

సూర్యాపేట వెళ్లొచ్చానంటే మా కాకినాడలో ఎవరూ నమ్మలేదు. "హైదరాబాదు పోతూ బస్సు ఆగితే టీ తాగుంటావు, దానికింత బిల్డప్పా!" అంది మా తోడికోడలు. ఆవిడ తప్పేం లేదు. మా వైపు వాళ్లకి ఆ ఊరంటే బస్సు కాసేపు ఆగే చోటు, అంతే. నేనూ ఇన్నేళ్లలో అక్కడ తాగిన టీలే తప్ప చూసిన వీధి ఒక్కటీ లేదు. ఈసారి మాత్రం దిగి, బస్సును వెళ్లిపోనిచ్చాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ చూశాను. గుడులూ గోపురాలూ చూడటానికి కాదు. ప్రభుత్వం వారు జరిపించిన ఒక ఉత్తుత్తి వలసను చూడటానికి.

నా పని గురించి ఒక ముక్క చెప్పాలి. తుఫాను వస్తే ఏం చెయ్యాలి, పాము కరిస్తే ఏం చెయ్యకూడదు లాంటి చిన్న పుస్తకాలు తేలిక తెలుగులో రాసిపెడుతుంటాను. వాటి మీద నా పేరుండదు. జనం చదువుతారన్న భ్రమ కూడా నాకు లేదు. అవి పకోడీల పొట్లాలవడం నా కళ్లతో చూశాను. ఎప్పుడో ఒక శిక్షణలో పరిచయమైన నర్సింహ గారు ఫోన్ చేశారు. ఆయన రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారు. రాష్ట్ర సరిహద్దు దగ్గరికి ఒక్కసారిగా వేలమంది వచ్చి పడితే ఏం చెయ్యాలన్నదాని మీద ప్లాన్ తయారైందట, దాన్ని ఒకరోజు ఆడి చూస్తారట. "మీరొచ్చి సూస్తెనే రాయగలుగుతరు మేడం" అన్నారు. సరే, పోయిందేముంది, అని బయల్దేరాను.

సూర్యాపేటలో పచ్చిపులుసు

నర్సింహ గారు నన్ను ముందు భోజనానికి తీసుకెళ్లారు. అది మెచ్చుకోదగ్గ గుణం. మా వైపు ఆఫీసర్లు ముందు ఫైలు చూపించి, ఆకలి చచ్చాక అన్నం పెట్టిస్తారు. మెస్సు చిన్నదే. వంద రూపాయల నోటు ఇస్తే చిల్లర తిరిగొచ్చింది, కూర మూడోసారి అడిగినా మొహం చిట్లించలేదు. చారు అనుకుని పోసుకున్నది పచ్చిపులుసు. పొయ్యి ఎక్కించని చింతపండు నీళ్లలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, నువ్వుల పొడి. మా ఇంట్లో ఇలా కాయకుండా వడ్డిస్తే గిన్నె తిరిగి వంటింట్లోకి పోతుంది. నేను మూడుసార్లు పోయించుకున్నాను. కారానికి కళ్ల నీళ్లు కారుతుంటే వడ్డించే ఆమె, "ఏందమ్మా, యాదికొచ్చినరా ఎవరన్నా?" అని నవ్వింది.

తింటూనే ప్లాన్ చెప్పారు నర్సింహ గారు. కోదాడ అవతల హైవే మీద జనాన్ని ఆపుతారు. పేరు, ఊరు రాసుకుంటారు, జ్వరం చూస్తారు, నీళ్లు ఇస్తారు. ఆడవాళ్లను కోదాడలో ఒక ఫంక్షన్ హాలుకి, మగవాళ్లను మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు గోదాముకి పంపుతారు.

"అసలు జనం ఎందుకొస్తారు సార్? వరదా, రోగమా, గొడవలా?" అన్నాను.

"ఎందుకొస్తరన్నది ప్లాన్ల లేదు మేడం. ఎంతమందొస్తరన్నదే ఉన్నది" అన్నారాయన, చేయి కడుక్కుంటూ.

నాకు రెండో అనుమానం వచ్చింది. మా కాకినాడ తీరంలో తుఫాను షెల్టర్లుంటాయి. అందులోకి వీధికి వీధే వచ్చి కూర్చుంటుంది. మొగుడూ పెళ్లాం, అత్తా కోడలు, బియ్యం డబ్బా, మేకపిల్ల, అన్నీ ఒక చాప మీదే. అది చూట్టానికి సంతలా ఉంటుంది, వాసన కూడా అంతే. కానీ ఎవరూ ఎవర్నీ వెతుక్కోరు. ఆ మాటే అన్నాను, ఆడా మగా వేరు వేరు ఊళ్లకెందుకండీ అని.

"సేఫ్టీ మేడం. పైకెల్లి వచ్చిన పద్ధతి" అన్నారు. పైనుంచి వచ్చిందంటే ఇక మా వైపైనా వీళ్ల వైపైనా మాట్లాడేదేం లేదు. నోరు మూసుకుని సోంపు నమిలాను.

సాయంత్రం ఒక ధాన్యం కొట్టు దగ్గర ఆగాం. ఆ సేటు వాళ్లది తరతరాలుగా గింజల వ్యాపారం. మిర్యాలగూడలో షెల్టర్‌గా తీసుకున్న మిల్లు వాళ్ల తమ్ముడిదే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, నర్సింహ గారి మీద పడ్డాడు. "ఎండకాలంల వొచ్చి గోదాం సూసుకున్నరు సార్. గప్పుడు ఖాళీగనే ఉంటది. ఇప్పుడు వరి కోతలాయె. లారీలు ఏడ దించాలె? జనాన్ని దించాల్నా, వడ్లు దించాల్నా, మీరే చెప్పున్రి."

"ఒక్క పూటనే సేటు. మధ్యాహ్నం వరకు ఖాళీ చేసిస్తం" అన్నారు నర్సింహ గారు బతిమాలుతూ. సేటు ఇంకో చాయ్ చెప్పాడు గానీ మొహం మాత్రం విప్పలేదు.

మోతె దారిలో బస్సు

మర్నాడు పొద్దున్నే నన్ను జీపులో రమ్మన్నారు. నేను బస్సే ఎక్కాను. ఉత్తుత్తి వలసకి జనం కావాలి కదా. ఆ జనాన్ని చివ్వెంల వైపూ మోతె వైపూ ఊళ్ల నుంచి ఒక కూలీల మేస్త్రి తీసుకొస్తున్నాడు. రోజు కూలీ, టిఫిను, భోజనం. కోతల కాలంలో మిషన్లొచ్చి కూలి తగ్గిందని, పిలవగానే చాలామంది వచ్చేశారు. మూట తెచ్చుకోమన్నారు, చూడ్డానికి నిజం వలసలా ఉండాలని. కొందరు మూటలో దుప్పట్లు కట్టుకొచ్చారు. ఒకామె రెండు చీరల మధ్య దిండు పెట్టి కట్టింది. "ఏం, రాత్రి కూడా ఉంచుతారా?" అంటే, "బరువు కనవడాలె గద మేడం" అంది.

మోతె దాటాక ఒక పల్లె దగ్గర మార్తమ్మ, యేసోబు ఎక్కారు. మార్తమ్మకి అరవై లోపే ఉంటుంది. గట్టి మనిషి. యేసోబు ఆమె భర్త, పెద్దాయన, తెల్ల పంచె, భుజాన తువ్వాల. ఎక్కగానే బస్సులో అందరికీ దండం పెట్టాడు, డ్రైవర్‌తో సహా. మార్తమ్మ ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను అడ్డంగా కూర్చుని, నాకు చోటిచ్చింది.

"మాయనకు జర మతిమరుపు మేడం" అంది, నేను అడక్కుండానే. "ఇంట్ల ఒక్కన్ని ఇడిసిపెడితె ఎటువోతడో తెల్వదు. అందుకే ఏడికి వోయినా ఎంబడి తోల్కపోత. పొద్దుగాల తిన్నది మర్సిపోతడు. నన్నైతే ఇంక మర్సిపోలె."

యేసోబు నా వైపు తిరిగి, "మీదే ఊరమ్మా?" అన్నాడు. కాకినాడ అన్నాను. తలూపాడు. కాసేపయ్యాక మళ్లీ, "మీదే ఊరమ్మా?" అన్నాడు. నాకు విసుగు రాలేదు. మా ఇంట్లో మతిమరుపు లేనివాళ్లు కూడా ఒకే ప్రశ్న రోజూ అడుగుతారు.

కోదాడ దగ్గరపడుతుండగా ఒక గుమాస్తా లేచి నిలబడి అందరికీ పాఠం చెప్పాడు. "ఇగ సూడున్రి. మీరు మీ ఊరోళ్లు కాదు. అవతలి రాష్ట్రంకెల్లి వస్తున్నరు. ఎవరడిగినా మాది కొత్తపల్లి అనాలె. ఏది, చెప్పున్రి?"

బస్సంతా కొత్తపల్లి అంది. జిల్లాకి నాలుగు కొత్తపల్లులు ఉంటాయి కాబట్టి ఎవరికీ కోపం రాకుండా ఆ పేరు పెట్టారట. యేసోబు అందరికంటే గట్టిగా అన్నాడు. గుమాస్తా మెచ్చుకున్నాడు. పెద్దాయనకి మెచ్చుకోలు నచ్చింది. దిగేదాకా గొణుగుతూనే ఉన్నాడు, కొత్తపల్లి, కొత్తపల్లి అని.

కోదాడలో చప్పట్లు

హైవే పక్కన పొలంలో షామియానాలు, ఇనప బారికేడ్లు, మైకు. మా వైపు జాతరకి చేసే హడావిడి ఇదే, బెలూన్లొక్కటే తక్కువ. అందరికీ మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీలు కట్టారు, ఆడవాళ్లకి ఎరుపు, మగవాళ్లకి పసుపు. కొందరు కుర్రాళ్లు బాధగా నటించబోయి నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు. ఒకామె కళ్లు తిరిగి పడిపోయినట్టు చేసింది, అది ప్లాన్‌లో లేదు. అంబులెన్సు మాత్రం చక్కగా వచ్చింది. ఉప్మా పొట్లం పెట్టారు. ఉప్మాలో పల్లీలు వెయ్యడం ఒక్కటీ ఇక్కడివాళ్లని చూసి మావాళ్లు నేర్చుకోవాలి.

పేర్లు రాసుకోవడం అయ్యాక మగవాళ్లని ఒక బస్సు వైపు, ఆడవాళ్లని ఇంకో బస్సు వైపు పొమ్మన్నారు. మార్తమ్మ గుమాస్తా దగ్గరికి వెళ్లింది. "సారూ, మాయన నా ఎంబడే ఉండాలె. ఆయనకు తెల్వదు."

"పొద్దుగూకే లోపల వస్తరమ్మా. అందరు మగోళ్లు పోతలేరా?"

"అందరి సంగతి ఏరు సారూ."

"ఇట్ల ఒక్కొక్కరికి ఒక్కొక్కటి జేస్తె ఇగ డ్రిల్ ఏముంటది?" అని ఆయన ఇంకొకరి వైపు తిరిగాడు. ఈలోగా పసుపు పట్టీల వాళ్లందరూ ఎక్కేశారు, వాళ్లతో యేసోబూ. బస్సు కదిలింది. మార్తమ్మ బారికేడ్ తోసుకుని వెనక పరిగెత్తింది. "ఆపున్రి! ఓ డ్రైవరన్నా, ఆపు! ఆయనకు ఏం తెల్వదు!" కొంగు జారిపోయినా చూసుకోలేదు. రోడ్డు మీద కూలబడి గుండెలు బాదుకుంది.

షామియానా కింద చప్పట్లు మోగాయి. ఫోటోగ్రాఫర్ మోకాళ్ల మీద కూర్చుని తీసుకున్నాడు. "అబ్బ, మస్తు జేసింది" అన్నారెవరో. నేను చప్పట్లు కొట్టలేదు. మంచిదాన్నై కాదు, చేతిలో ఉప్మా ఉంది.

ఆడవాళ్లతో పాటు నేనూ ఫంక్షన్ హాలుకి వెళ్లాను. ముందురోజు పెళ్లి బంతిపూలు ఇంకా తీయలేదు. హాలు చూసుకునే ఆవిడ మా మాటకి దగ్గరగా మాట్లాడింది. "రండి రండి, కూర్చోండి, ఏసీ వెయ్యమన్నారు గానీ బిల్లు ఎవరిస్తారో సెప్పలేదండీ" అంది. కోదాడలో మాట అటూ ఇటూ ఉంటుంది. ఒకే వాక్యంలో రెండు రాష్ట్రాలూ దాటేస్తారు. ఆడవాళ్లందరూ హాయిగా చల్లగాలికి కాళ్లు చాపుకున్నారు. చాలామందికి అది చాలా కాలం తర్వాత వచ్చిన సెలవు. మార్తమ్మ ఒక్కతే గుమ్మంలో కూర్చుంది. అన్నం ముట్టలేదు. నేను పక్కన కూర్చుంటే, "కూలికి ఆశపడి తోల్కొచ్చిన మేడం. ఇంట్లనే ఉంటె ఏం పోయింది?" అంది. నేను మంచినీళ్లు ఇచ్చాను.

సాయంత్రం మిర్యాలగూడ బస్సు తిరిగొచ్చింది. మగవాళ్లు దిగారు. అందరూ దిగారు. యేసోబు దిగలేదు.

మార్తమ్మ బస్సెక్కి సీట్ల కింద కూడా వెతికి దిగింది. నర్సింహ గారి దగ్గరికి వెళ్లి ఏడుస్తూ చెప్పింది. ఆయన అప్పటికే అలిసిపోయి, పని బాగా జరిగిందన్న సంతోషంలో ఉన్నారు. "అమ్మా, డ్రిల్ అయిపోయింది. ఇగ యాక్టింగ్ బంద్ జెయ్" అన్నారు నవ్వుతూ.

"యాక్టింగ్ కాదు సారూ," అంది మార్తమ్మ. "నా మొగడు."

ఆయన మొహంలో నవ్వు ఎలా పోయిందో నేను చూశాను. అప్పటి నుంచి మాత్రం ఆయన కూర్చోలేదు, అది చెప్పి తీరాలి. మిర్యాలగూడకి ఫోన్లు చేశారు. గోదాము ఖాళీ చేసి తాళం వేశామన్నారు అక్కడివాళ్లు. పోలీసులకి చెబితే ఆ ఫోనెత్తిన మనిషి కూడా ఇది డ్రిల్‌లో భాగమా అని అడిగాడు. కాదని ఒప్పించడానికి నర్సింహ గారికి చాలా సేపు పట్టింది. పొద్దునంతా నిజంలా ఉండాలని తాపత్రయపడ్డ మనిషి, సాయంత్రం ఇది నిజమేనని ఒక్కొక్కరినీ బతిమాలుకున్నారు.

ఆ రాత్రి గురించి రాయడానికేమీ లేదు. తామే వెతుకుతామని, మమ్మల్ని తెల్లారాక రమ్మని పోలీసులు అన్నారు గానీ, ఎవరమూ నిద్రపోలేదు.

మిర్యాలగూడలో ఊక బూడిద

తెల్లవారగానే జీపులో బయల్దేరాం. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. రోడ్డుకి రెండు పక్కలా కోసిన పొలాలు, దారంతా వడ్ల ట్రాక్టర్లు. ఊరింకా రాకముందే ఉడకబెట్టిన వడ్ల వాసన వచ్చేస్తుంది. మిల్లుల గొట్టాల్లోంచి ఊక బూడిద సన్నగా రాలుతుంటే, జనం దాన్ని దులుపుకోవడం కూడా మానేసినట్టున్నారు. నా తెల్ల జాకెట్టు మాత్రం మళ్లీ తెల్లగా కాలేదు. మామూలు రోజైతే ఇదంతా తీరిగ్గా చూసి పేజీలు నింపేదాన్ని. ఆ రోజు నా కళ్లు ప్రతి అరుగు మీదా తెల్ల పంచెనే వెతికాయి.

దారిలో మార్తమ్మ నర్సింహ గారితో, "ఆయనకు షుగరున్నది సారు. తినకుంటె కండ్లు తిరుగుతయి" అంది. నర్సింహ గారు డ్రైవర్ని తొందరపెట్టారు.

మిల్లు దగ్గర గోదాము నిండా వడ్ల బస్తాలే. నిన్న మధ్యాహ్నం జనం ఇలా కదలగానే లారీలు అలా లోపలికొచ్చాయట. కాపలాదారు చెప్పింది ఇదీ. బస్సు తిరిగి వెళ్లేముందు, దానితో వచ్చిన ఇంకో గుమాస్తా గేటు దగ్గర నిలబడి, "మోతె, చివ్వెంలోళ్లంత ఎక్కున్రి" అని కేకేశాడు. అందరూ ఎక్కారు. ఒక పెద్దాయన మాత్రం గోడ వారగా మూట ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.

"నువ్వెక్కవా పెద్దయ్యా అన్న సార్. నాది గా ఊరు గాదన్నడు. ఏ ఊరంటె కొత్తపల్లి అన్నడు. చేతికి పట్టీ నేను సూడలె, డ్రిల్లుకు సంబంధం లేని మనిషేమొ అనుకున్న. అగ్గో, లారీలు హారన్ కొడుతుండె. బస్టాండుకు పో, కొత్తపల్లికి బస్సుంటది అని తొవ్వ సూపెట్టిన." అతను మార్తమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "తప్పయింది అమ్మా."

మార్తమ్మ అతన్ని తిట్టలేదు. కొత్తపల్లి అనమని నేర్పిన గుమాస్తానీ తిట్టలేదు. "సారు జెప్పమన్నడు గద, అందుకే గట్ల జెప్పుంటడు. మాట దాటేటోడు గాదు మాయన" అంది.

నర్సింహ గారు జీపు బానెట్ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. తర్వాత నా వైపు చూసి, "మేడం, మీ పుస్తకంల మొదటి మాట రాసుకోన్రి. కలిసొచ్చినోళ్లను కలిపే ఉంచాలె" అన్నారు. రాశాను. పైవాళ్లు దాన్ని ఉంచుతారో కొట్టేస్తారో నేను చెప్పలేను.

బస్టాండులో కొత్తపల్లి అని అడిగితే పదిమంది పది దిక్కులు చూపించారు. ఆఖరికి పండ్ల బండి ఆయన గుర్తుపట్టాడు. చేతికి పసుపు పట్టీ, మాటిమాటికీ దండాలు పెడుతున్న ముసలాయన. "కొత్తపల్లి ఏడున్నది అంటె, నీళ్ల అవుతల రాష్ట్రంల అన్నడు. నీళ్లంటె కిష్ట గద? గట్లనే ఒక బస్సాయన పాపం టికెట్ గూడ అడగకుండ వాడపల్లి బ్రిడ్జి కాడ దించుతనని ఎక్కించుకున్నడు" అన్నాడు. అరటిపళ్లు రెండు తీసి మార్తమ్మ చేతిలో పెట్టాడు. "షుగరన్నరు గద, కొంచెం పచ్చియి ఇచ్చిన."

ఈ ఊళ్లో ఎవరూ చెడ్డగా ప్రవర్తించలేదు. అందరూ సాయమే చేశారు. ఒక్కొక్కరూ చేసిన సాయం ఆయన్ని ఇంటికి ఇంకాస్త దూరం తీసుకుపోయింది.

వాడపల్లి వంతెన

కృష్ణలో నీళ్లు బాగానే ఉన్నాయి. ఒకవైపు నుంచి మూసీ వచ్చి కలుస్తుంది. యాత్రికులు స్నానాలకి వస్తారట, నేను నదిని సరిగ్గా చూడనే లేదు. వంతెనకి ఇవతల, ఒక టీ బంకు పక్కన, రోడ్డు అంచున యేసోబు కూర్చుని ఉన్నాడు. మూట ఒళ్లో ఉంది. ఆయన ముందు నుంచి లారీలు, బస్సులు, బైకులు ఆగకుండా అటూ ఇటూ పోతున్నాయి. గేటు లేదు, పోలీసు లేడు, అడిగే నాథుడే లేడు. ఆయన మాత్రం వరసలో ఉన్నట్టు కూర్చున్నాడు.

టీ బంకు ఆమె మమ్మల్ని చూసి బయటికొచ్చింది. "మీ మనిషేనా? నిన్నటిసంది గీడనే ఉన్నడమ్మా. ఇడ్లి పెడితె తిన్నడు. రాత్రి మా బంకుల పండుకోబెట్టిన. పోతవా పెద్దయ్యా, బస్సెక్కిస్త అంటె, వాళ్లు గేటు తీయాలె గద అంటడు. ఏ గేటో ఏమో!"

మార్తమ్మ పరిగెత్తలేదు. మెల్లగా వెళ్లి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "తిన్నవా?" అంది.

"తిన్న," అన్నాడు. "నువ్వు తిన్నవా?"

అప్పుడు ఏడ్చింది. గొంతు పైకి రాకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవాల్సిన పనేం లేదు.

నర్సింహ గారు ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. పట్టీ కత్తిరించి తీసేశారు. "పెద్దయ్యా, అంత అయిపోయింది. నేను సెప్తున్న. ఇగ మీరు ఇంటికి పోవొచ్చు."

యేసోబు ఆయనకి దండం పెట్టాడు. "ఏ ఊరికి సారు?"

"మీ ఊరికే. మీ సొంత ఊరికి."

యేసోబు లేవలేదు. మార్తమ్మ వైపు తిరిగి, చిన్నగా అడిగాడు. "రానిస్తరా?"

"ఏమంటున్నారు?" అన్నాను నేను.

మార్తమ్మ కళ్లు తుడుచుకుంది. "కరోనప్పటి ముచ్చట మేడం. మిరప కోతలకు పోయినం అవుతలికి. బస్సులన్ని బంద్ జేసిన్రు. పిల్లగాళ్లు లేరు, మేమిద్దరమే నడుసుకుంట వచ్చినం. సరిహద్దు చెక్‌పోస్టు కాడ గేటు ఏసి ఆపితె కూసున్నం, ఇడిసిపెట్టిన్రు. ఇగ మా ఊరికొస్తె, మా ఊరోళ్లే తొవ్వకు అడ్డంగ ముండ్ల కంప గొట్టిన్రు. రోగం తెస్తరు, రావొద్దన్నరు. ఊరి బయట చెల్కలనే ఉన్నం, చెట్టు కింద. మా ఇల్లు కనవడుతనే ఉండె." ఆమె గొంతులో కోపం లేదు. "ఆయనకు అన్ని మర్సిపోతయి. గదొక్కటి పోదు."

నర్సింహ గారు మళ్లీ చెప్పారు, ఇప్పుడు అలాంటిదేం లేదని, తన జీపులోనే దించుతానని. నేనూ చెప్పాను. యేసోబు మర్యాదగా తలూపాడు, కదల్లేదు. మా మాట ఆయనకి చాలదు. మేం ఆ ఊరివాళ్లం కాము.

మార్తమ్మ ఫోన్ తీసి, తమ ఊరి మనిషికే చేసింది. "సైదులూ, నేను మార్తమ్మను. దొరికిండు బిడ్డా. వస్తలేడు. రానియ్యరంటున్నడు. నువ్వే జెప్పు" అని స్పీకరు పెట్టి, ఫోను భర్త చెవి దగ్గర పట్టుకుంది.

అవతల నుంచి ఒక మగగొంతు వచ్చింది.

"పెద్దయ్యా, నేను సైదులును. ఏడున్నవే? బస్సుల వచ్చినోళ్లు జెప్పినకాడికెల్లి రాత్రంత ఊరంత నీ కోసం లెంకినం."

యేసోబు ఫోను వైపు చూశాడు.

"వింటున్నవా పెద్దయ్యా? గప్పుడు కంప గొట్టినోన్ని నేనే. నేనే సెప్తున్న, రా. ఎవడాపుతడో సూస్త. వచ్చి మా ఇంట్లనే తిందువు. రా పెద్దయ్యా."

యేసోబు ఫోనుకి దండం పెట్టాడు. మూట చంకలో పెట్టుకుని, మార్తమ్మ భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు.